పాసంగం

పేరు చెప్పడానికి అతనికి పదకొండు సెకన్లు పట్టింది.
లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.
ఫైలు మీద నా కళ్ళెదుటే ఉంది ఆ పేరు,
డెక్లన్ బర్సీ, నౌకాయానం, రెండో ఏడు.
నా నాలుక చివరికొచ్చి నిలబడింది,
అందిస్తే పోయేదానికి ఎందుకీ తంటా అని.
పళ్ళ వెనకే ఆపాను.

సెయింట్ జాన్స్ రేవులో ఫిబ్రవరి.
కిటికీ అవతల పొగమంచు పైకెక్కుతోంది,
కొండవాలు మీది రంగురంగుల ఇళ్ళు
ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.
ఈ కాలేజీలో ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడం నా ఉద్యోగం.
పాతిక శాతం, యాభై శాతం, రెట్టింపు సమయం.
ఫారంలో మూడే గళ్ళు,
మనుషులే వాటిల్లోకి మడతపడాలి.

పొద్దున కీలీ టిజ్జర్డ్ వచ్చింది, చక్రాల నిండా బురద.
క్లాసు తొమ్మిదికి.
మెట్ల మీద మంచు ఎనిమిదికే ఎత్తేస్తారు,
ర్యాంపు మీద పదికి.
దానికి ఏ గడిలో టిక్కు పెట్టను?
పార పట్టే పిట్‌మన్‌కి ఫోన్ చేశాను.
"మెట్లెక్కేవాళ్ళే ఎక్కువ కదా తల్లీ" అన్నాడు.
"ర్యాంపయితే అందరూ ఎక్కుతారు కదయ్యా" అన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
రేపు చూడాలి.

డెక్లన్ సంగతి పారతో తేలేది కాదు.
రేడియో పరీక్ష.
ఓడ మునిగిపోతోందని గడువులోగా నోటితో చెప్పాలి.
కెప్టెన్ హైన్స్ ముప్ఫై ఏళ్ళు సముద్రం తిన్న మనిషి,
నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి అడిగాడు:
"తుఫాను ఒకటిన్నర రెట్లు ఆగుతుందా?
అలకి చూపిస్తావా డాక్టరు చీటీ?"
చెడ్డవాడు కాదు.
ఏదో ఒక రాత్రి, రేడియోలో
ఎవరిదో గొంతు సగంలో తెగిపోతే విన్నవాడు.
నా దగ్గర జవాబు లేదు.
నియమావళి తిరగేశాను, అందులోనూ లేదు.

వీళ్ళు కొసరు అడుగుతున్నారంటారు స్టాఫ్ రూంలో.
ఒక పళ్ళెం ముందే కిందికి దిగిన తక్కెడ ఇది,
తేలిన పళ్ళెంలో పాసంగం పడేదాకా
తూకమే మొదలవదు.
కొసరు సంగతి ఆ తర్వాత.
కానీ ఎంత రాయి?
చిటికెడు ఎక్కువైతే దయ, తక్కువైతే మోసం.
నిద్రపట్టని రాత్రుళ్ళలో
నా చేతిలో మిగిలేది ఆ రాయే.

చివరికి అతన్నే అడిగాను, నీకేం కావాలి అని.
ఫారంలో లేని ప్రశ్న.
కాగితం అందుకుంటాడనుకున్నాను, అందుకోలేదు.
నోటితోనే చెప్పాడు,
ఒక్కో మాటనీ ఇసుకలో దిగబడిన పడవని లాగినట్టు:
రేడియోకి ఎక్కువ సమయం వద్దు.
క్లాసులో నా వాక్యాన్ని
ఇంకెవరూ పూర్తి చెయ్యకుండా ఉంటే చాలు.

లేచి కోటు తొడుక్కుంటూ, నవ్వు దాచుకుంటూ అన్నాడు:
ఆపద కబురులో మేడే అని మూడుసార్లు అనాలి మేడం,
ఓడ పేరు మూడుసార్లు.
అది రూలు.
మునిగేటప్పుడు అందరికీ నత్తే.

ఉత్తరం రాశాను.
అదనపు సమయం: అక్కర్లేదు.
ఇతర వసతులు: ఇతని మాట ఇతనే ముగిస్తాడు.
ఎంతకాలం: చదువు అయ్యేదాకా అని రాసి,
కొట్టేసి,
ఖాళీగా వదిలేశాను.

సరిగ్గా తూచానో లేదో నాకింకా తెలీదు.
పరీక్ష ఏప్రిల్లో.

సాయంత్రం హైన్స్ ఫోన్ చేశాడు.
"ఉత్తరం చూశాను" అన్నాడు.
"నేను వాణ్ణి..." అని ఆగిపోయాడు.
రేవులో మంచుబూర ఒకసారి మోగింది, మళ్ళీ మోగింది.
అతనికి అందించడానికి
నా దగ్గర రెండు మూడు మంచి మాటలున్నాయి.
రిసీవర్ చెవికి ఆనించుకుని
కూర్చున్నాను.