గంటకు ఎన్ని మిల్లీమీటర్లు

మిర్యాలగూడ మిల్లుకాడ
వడ్ల కుప్పల చెయ్యి పెట్టి
తేమ పదిహేడా, పద్దెనిమిదా
మిషిన్ కంటె ముందే చెప్పేటోణ్ణి.
గింజ పంటికింద ఏసుకుంటె
టక్కున ఇరిగిందా, మెత్తగ అణిగిందా
గంతే నా లెక్క.

నా బిడ్డ లాస్యను అట్ల చూడరాదాయె.

నల్లగొండ ప్రకాశం బజార్ల
మెట్ల కింద ల్యాబు.
సన్నటి గాజు గొట్టంల
దాని రక్తం నిటారుగ నిలబడ్డది.
"గంట ఆగాలె అన్నా,
ఎరుపు ఎంత కిందికి దిగుతదో గదే లెక్క"
అన్నడు భిక్షమయ్య కొడుకు.
బిందెల ఒండ్రునీళ్లు తేరుకున్నట్టు
పైన పచ్చటి తేట,
కింద నా బిడ్డ.

ఇరవై రెండు. "ఎక్కువేం గాదు."
సీఆర్పీ కూడ గీత లోపలనే.
ఆల్బుమిన్ జర తక్కువ, ప్లేట్‌లెట్లు జర ఎక్కువ,
హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఒకటి.
మలం డబ్బ ఐసుపెట్టెల కూసొని
హైద్రాబాద్ బస్సెక్కింది,
జవాబు వారానికి గాని రాదు.

సంబరపడ్డ.
కాగితం మడిచి
తక్‌పట్టీ లెక్క జేబుల పెట్టుకున్న.

డాక్టరమ్మ చదివి
బల్ల మీద బోర్లేసింది.
"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవురా?"
"రెండుసార్లు మేడం" అన్న నేను.
బిడ్డ నా దిక్కు చూడలే.
సంచిల నుంచి లెక్కల నోటుబుక్కు తీసి
ఆఖరు పేజీ తెరిచింది.
పెన్సిల్ గీతలు.
నాలుగు నిలువు, మీద ఒక అడ్డం.
ఎర్రగ వచ్చిన వాటి కింద చుక్క.
ఆరు. ఏడు. ఆరు. తొమ్మిది.
"నాయిన పొద్దుగాల హమాలీకి పోవాలె గద,
లైటెయ్యకుంట పోయిన."

"రక్తం ఒక్కోసారి మర్యాదకు పోతదయ్యా,
లోపల పేగు పుండైనా బయటికి చెప్పదు"
అన్నది డాక్టరమ్మ, మందు చీటి రాసుకుంట.
హైద్రాబాద్ జవాబు కోసం ఆగలే.

పైపై గింజలు గలగలమన్నా
కుప్ప నడుమ చెమ్మ దాగి ఉంటదని
మోచేతి దాక చెయ్యి దింపి చూసేటోణ్ణి.
ఊరోళ్ల వడ్లకు.

బస్సుల నా ఒళ్లె తల పెట్టి పండుకుంది.
ఎంత తేలికగున్నదో.
నకిరేకంటి దాటేదాక, కాదు, నార్కట్‌పల్లి...
యాదికి లేదు, మేం పోయేది అటు గూడ కాదు.

ఇయ్యాల దొడ్లె లైటు ఆర్పలే.
ఒకటిన్నరకు గొళ్లెం చప్పుడైంది.
పెన్సిల్ చెక్కి
నేను కూసున్న.