రెండో కొమ్ము

నెబ్రాస్కాలో పడమటికి పోయేకొద్దీ ఎఫ్ఎం ముందు నసుగుతుంది,
తర్వాత గొంతు పట్టేస్తుంది.
సిడ్నీ దాటాక
చాటలో ఇసుక చెరుగుతున్న చప్పుడే.

అందుకే కొన్నాం ఆరిన్, చెరొకటి.
నీ పెట్టెలో బేస్‌బాల్,
ఏ ఊరి ఆటా వదలకుండా.
నా పెట్టెలో పాత బ్యాంజోలు,
రాత్రి రెండింటికి నవ్వుతూ తగువులు తీర్చే ఒకావిడ.
ట్రక్కు నెత్తిన రెండు యాంటెన్నాలు
నత్త కొమ్ముల్లా.

డీజిలు నాలుగు డాలర్లు దాటాక
ఒకటి తీసేద్దామన్నావు.
"ఏదో నువ్వే చెప్పు వెర్నా" అని
బంతి నా చేతిలో పెట్టి టైర్లు చూడ్డానికి దిగిపోయావు.

ఓగలాలాలో కాఫీ చల్లారేదాకా
చేతులు తుడిచే కాగితం మీద లెక్కలేశాను:
వాళ్లకి ఛానెళ్లు ఎక్కువ, వీళ్లకి ప్రకటనలు తక్కువ,
వంతెన కిందకి వెళితే ఇద్దరూ మూగే.

కాగితం మీదకి రానిది ఒకటుంది.
నువ్వు తోలేటప్పుడు నేను తెర వెనక పడుకుంటాను.
ఏడో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్,
పేరు నోరు తిరగని కుర్రాడెవడో బ్యాటు పట్టుకుని వస్తుంటాడు,
అక్కడే నా కన్ను మూతపడుతుంది.
అయిదేళ్లలో ఒక్క ఆట చివర వినలేదు.
పోయిన చలికాలం, ఆటల్లేని నెలలన్నీ,
పక్క మీద కళ్లు తెరుచుకునే వ్యోమింగ్ దాటాను.

నా పెట్టె ఆపేయమని ఫోన్ చేశాను.
ఎందుకని అడిగింది అవతలి పిల్ల.
ధర, అన్నాను.
నీకూ అదే చెప్పాను.

పైన రెండో కొమ్ము అలాగే ఉంది.
తీయాలంటే నిచ్చెన కావాలి.