ఆఖరి ఆటో

మైపాడు గేటు కాడ, తెల్లారి నాలుగున్నర చీకట్లో
బనియన్లకు నంబర్లు గుచ్చుకుంటా ఉంటారు మీరు.
మీ అందరి వెనకా పచ్చగుడ్డ కట్టిన ఆటో నాది.
పేరు ఖాదర్‌వలీ. ఈ రోడ్డు మీద పద్దెనిమిదేళ్లు
రొయ్యపిల్లల డబ్బాల్నీ పురిటికొచ్చిన ఆడోళ్లనీ
ఒకటే జాగ్రత్తతో తోలినోణ్ణి.
ఇరవై ఒకటీ, పైన ఇంకో వంద మీటర్లు.
ఫోన్లో చూస్తే నీలం గీత.
గీతకి గుంతలుండవు గదా.

మొదటి నాలుగూ మోసం.
పడమటి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తాది,
కాళ్లు మనవి కావేమో అన్నంత తేలిక.
ఆ తేలికంతా అప్పు. రాసి పెట్టుకోండి.

రైసుమిల్లు దాటితే రెండు స్పీడుబ్రేకర్లు.
ఒకదానికి తెల్లరంగు ఉండాది. రెండోది
ఎదురింటాయన సొంత సిమెంటుతో పోసుకున్నది.
మటన్ కొట్టు కుక్కలు మూడు, కరవవు.
పరిగెత్తేవాణ్ణి చూస్తే ఏదో ఎత్తుకుపోతున్నాడనుకుంటాయి.
నాలుగడుగులు నడిస్తే నమ్మి వదిలేస్తాయి.

ఇందుకూరుపేటలో ఇస్కూలు పిలకాయలు
"వచ్చేసింది సార్, ఇంక దగ్గిరే!" అని చప్పట్లు కొడతారు.
నమ్మబాకండి.
వాళ్లకి సైకిళ్లుండాయి.

పోయేది తూర్పుకి.
ఆరున్నర దాటితే సూర్యుడు నడిరోడ్డు మీదనే లేస్తాడు,
లైటు దించని లారీ మాదిరి.
టోపీ లేనోడు తలొంచుకుని
తన బూట్లనే చూసుకుంటా యాడికని పోతాడు?

ఆ తర్వాత రెండు పక్కలా రొయ్యల గుంటలు.
ఏరేటర్లు తిరగతా నీళ్లకి ఊపిరి పోస్తా ఉంటాయి.
నీళ్లకే.
ఐసు లారీలు కార్చుకుంటా పోయిన తడి
ఎండ పడితే తళతళమంటాది, అందంగా ఉండాదని తొక్కబాకండి.

పదహారు.
నా సీటు నిండేది ఈడే.
ఎవరి కాలూ విరగదు. ఊరికే
లోపల్నించి ఒకడు అడగతాడు: నిన్నెవరు పరిగెత్తమన్నారు?
దానికి జవాబు ఇంటికాడే వండుకుని రండి.
నా కాడ ఉప్పేసిన మజ్జిగ మాత్రం ఉండాది.

పోయినేడు మాలకొండయ్య ఎక్కాడు.
సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు గొలుసు లాగి
రిటైరైన మనిషి.
మజ్జిగ తాగి, కళ్లు మూసుకుని,
తుమ్మచెట్టు కాణ్ణించి కల్వర్టు దాకా కూర్చున్నాడు.
నా భుజం తట్టాడు.
"వెనక్కి తిప్పు."
ఇంటికా సార్ అన్నా.
"ఎక్కిన కాడికి. రెండొందల పది మీటర్లు
నీ చక్రాల లెక్కలో పడ్డాయి. అవి నావి."

ఆటో ఎక్కితే ఆట చెల్లదని ఆయనకీ తెలుసు.
పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి
నంబరు మడత పెట్టి నా జేబులో పెట్టాడు.
తుమ్మచెట్టు మొదట్లో మడమ ఆనించి,
హద్దురాయి కాడ నిలబడినట్టు కాసేపు నిలబడి,
కదిలాడు.
నేను ఫస్టు గేరులో, ఆయన వెనక.
నవ్వొచ్చింది గానీ నవ్వలా.

ఆ, ఇంకొకటి మరిచినా.
బకింగ్‌హామ్ కాలవ వంతెన, దారి మొత్తానికీ అదొక్కటే ఎక్కుడు.
పైకెక్కగానే సముద్రం వినపడతాది.
కాళ్లు వాటంతటవే ఉరకతాయి, పట్టుకోండి.
చెవికి దగ్గిరైంది కాళ్లకి ఇంకా మూడు కిలోమీటర్లు.
సరుగుడు తోపులు ఆ హోరుని నమిలి నమిలి ఉమ్ముతా ఉంటాయి.
చివరాఖరున ఇసక రోడ్డెక్కి ఉంటాది, అడుగు పొట్టిగా వెయ్యండి.

మేం చేరేతలికి టెంటు విప్పేశారు.
కుర్చీలు ట్రాక్టరెక్కాయి.
మాలకొండయ్య గీత ఉండాల్సిన కాడ
కాలితో గీత గీసి, దాటి,
నీళ్లున్నాయా అన్నాడు.

నెల్లూరికి బస్సు తొమ్మిదీ ఇరవైకి.
చిల్లర తెచ్చుకోండి.