వందకు ఐదు

వారధి దిగి ఎడమకి తిప్పినప్పుడల్లా
కుడిచక్రం గర్రుమనేది.
పాత ఓనరు షోకులరాయుడు,
లావు టైర్లేసి అమ్మాడు.
పందెంపుంజులా రొమ్ము విరుచుకుందని
మురిసిపోయి కొన్నవాణ్ణి నేనే,
ఎవర్ననాలి?

ఆటోనగర్, మూడో క్రాసు.
నాగుల్ మీరాకి కరెంటు బిల్లు చూపిస్తే
కళ్లజోడు మరిచానంటాడు.
టైరుని మాత్రం చీకట్లోనైనా
బొటనవేలితో తడిమి చదువుతాడు.
సుద్దముక్క తీసి పక్కగోడ మీద రుద్దాడు.
నల్ల రబ్బరులోంచి తెల్లగా లేచి నిలబడ్డాయి
నూట ఎనభై అయిదు, గీత, ఎనభై, ఆర్, పద్నాలుగు.

"ఇది వెడల్పు, మిల్లీమీటర్లు.
ఇది గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి ఎనభై పాళ్లు.
ఆఖర్ది రిమ్ము, అంగుళాలు."
ఒక్క ఒంటి మీద రెండు కొలతలా మీరా, అన్నాను.
"బీసెంట్ రోడ్డులో మల్లెలు మూరలెక్కన,
గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలెక్కన కొనటల్లా?
అట్టాగే."

డ్రైవరు తలుపు తీశాడు.
దిష్టిబొమ్మ స్టిక్కరు ఒకటి
గోటితో గీకి గీకి ఊడబెరికాడు.
కింద ఉంది, బండి పుట్టిననాటి జాతకం:
నూట అరవై అయిదు, గీత, ఎనభై, ఆర్, పద్నాలుగు.
గాలి ఎంత కొట్టాలో కూడా రాసుంది.
పదకొండు నెలలు రోజూ ఆ తలుపు తీశాను.

లావుదైతే మంచిదే కదా?
"మీ అన్న చెప్పులేసుకుంటే నీ కాలు పెరుగుద్దా?
పెద్ద చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ నేల తింటది.
మీటరు చుట్లు లెక్కపెడుద్ది, నేలని కాదు.
అది వంద అంటే
నువ్వు నూట అయిదు పోయినట్టు."

అరిగిన టైర్ల గుట్ట మీద చతికిలబడ్డాను.
మీటరు మీద ఇరవై వేలు.
మిర్చి కమీషను కొట్టు చలమయ్యగారికి
కిలోమీటరు లెక్కన తోలినవే అన్నీ.
అంటే వెయ్యి కిలోమీటర్లు ఊరికే.
పద్నాలుగు సార్లు గుంటూరు పోయొచ్చాను
ఏ పుస్తకంలోనూ ఎక్కకుండా.
నిద్ర ఆగక మంగళగిరి దగ్గర
పచ్చిమిరపకాయ కొరికిన రాత్రి
ఎక్కినదాన్లోదా, ఎక్కనిదాన్లోదా?

అక్కణ్ణించే ఫోను చేశాను.
చలమయ్యగారు చాలాసేపు నవ్వి
"ఏదీ, మీటరు చూపించవోయ్" అన్నారు.

కొత్త టైరు పక్కన చిన్నక్షరాల్లో ఎనభై అయిదు, టి.
"ఎనభై అయిదు కిలోలనుకునేవు.
అది గుర్తు, చక్రానికి ఐదొందల పదిహేను మోస్తది.
టి అంటే గంటకి నూట తొంభై.
ఆ సంగతి నువ్వు మర్చిపో" అని
నాలుగూ బిగించాడు.

విప్పినవాటి వంక కోపంగా చూస్తుంటే
గుడ్డతో వాటి మొహం తుడిచి
గోడకి ఒద్దిగ్గా ఆనించాడు.
"వీటి తప్పేముంది?
వీటికీ ఓ బండి ఉంటది."

వారధి దిగాను. ఎడమకి తిప్పాను. చప్పుడు లేదు.
మంగళగిరి దాటాక ఒక రాయి దగ్గర
మీటరు సున్నాకి తెచ్చి
పది రాళ్లు పోనిచ్చి చూశాను.
సరిగ్గా పది.

ఇన్నాళ్లూ
రాళ్లే తప్పు పాతారనుకున్నాను.