వేలు తీయకుండా

జులై నెల. బాస్ జలసంధి మీంచి గాలి
మా బడి రేకుల కప్పుని దడదడా బాదుతుంది,
లోపల ఎవరో బాకీ ఉన్నట్టు.
నలభై ముగ్గురు పిల్లలం, మూడు గదులం.
బడికీ గుడికీ మధ్య గోడ ఒకటే,
మా ఎక్కాలు అటు వినిపిస్తాయి,
వాళ్ల జపమాల ఇటు.

టర్ము మొదట్లో వసారాలో పాత వల వేలాడదీశాం,
రోవెలిన్ వాళ్ల నాన్న పడవలోది, ఉప్పు వాసన ఇంకా పోలేదు.
తలా ఒక కాగితపు చేప కత్తిరించి
ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో రాసి
అందులో చిక్కించాలి.
"లక్ష్యం కొలవడానికి వీలుగా ఉండాలి"
అని గుర్తు చేశారు ప్రిన్సిపల్ డెలాహంటీ గారు.

ఏడో ఎక్కం తడుముకోకుండా చెప్పాలి.
వాక్యం చివర చుక్క మరిచిపోకూడదు.
అచోల్ రాసింది: పూజలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో
పక్కవాళ్లని చూడకుండా తెలియాలి.
నాకూ ఇంకా రాదు అచోల్, అనలేదు పైకి.
టోబియాస్ రాసింది ఒక్కటే మాట: గోల్‌కీపర్.

ఫింటన్ చేపని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు,
చివరికి తోక మీద ఇరికించాడు:
చదివేటప్పుడు లైను కింద వేలు తీసేయాలి.

ఆ చూపుడువేలు నాకు తెలుసు.
తాతతో పాటు బంగాళాదుంపలు ఏరిన వేలు,
గోరు కింద సబ్బుకి లొంగని ఎర్రమట్టి.
ట్రాక్టరు వెనక సముద్రపు కాకిలా
పేజీ మీద మాటమాటకీ వాలి, ఏరుకుని, ముందుకి.
ప్రతి శుక్రవారం నేను టిక్కు పెట్టే గళ్లు మూడు:
వేలితో. సగం వేలితో. వేలు లేకుండా.
ఆగస్టు మూడో వారానికి సగం దాకా వచ్చాం.

అప్పుడు లెస్ పోయాడు.
పంతొమ్మిదేళ్లు పిల్లల్ని రోడ్డు దాటించినవాడు,
వానకోటు, చేతిలో ఆగమనే పలక,
ప్రతి పిల్ల పేరూ, ఆ పిల్ల కుక్క పేరూ తెలిసినవాడు.
ఆ పొద్దున ఎవరూ చెప్పకుండానే
పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకున్నారు.
ఎప్పుడూ గుడికి రాని తండ్రులు కూడా
కుర్చీలు మోశారు, ఎక్కడ పెట్టాలో అడిగి అడిగి.

విశ్వాసుల ప్రార్థన ఎవరు చదువుతారంటే
చెయ్యెత్తింది ఫింటన్.
మైకు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని,
లక్ష్యం కదా మరి,
"మమ్మల్ని క్షేమంగా దాటించిన లెస్ కోసం"
అన్నంతవరకూ బాగానే ఉంది.
తర్వాతి వాక్యం
వేలు విడిచిన చుట్టంలా ఎటో వెళ్లిపోయింది.
గుడి మొత్తం దగ్గడం మానేసింది.

ముందు వరసలోంచి సిస్టర్ డింప్నా లేచారు.
ఎనభై ఏడేళ్లు. ఒక కంట్లో వెలుగు, రెండో కంట్లో పొగ.
పీఠం దాకా చేతికర్ర చప్పుడు.
వాడితో ఏమీ అనలేదు.
అరవై ఏళ్లుగా తెల్లవారకముందే
కీర్తనల కింద నడుస్తున్న తన వేలు,
వణుకుతున్నది, కాగితం మీద ఆనించారు.
పక్కన వాడి వేలు వచ్చి నిలబడింది.
అటూ ఇటూ చూసుకుని
రెండూ కలిసి దాటాయి.

ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము,
అన్నాం అందరం. టోబియాస్ అందరికంటే గట్టిగా.

శుక్రవారం పట్టిక ముందు కూర్చున్నాను.
మూడు గళ్లలో ఏదీ నప్పలేదు.
టీ చల్లారిపోయింది.
అంచున పెన్సిలుతో ఒక గీత గీసి వదిలేశాను.

సోమవారం వల దగ్గర ఫింటన్ కనిపించాడు,
తన చేప పీకి పారేస్తాడేమో అనుకున్నా.
కొత్తగా చేరిన బుడతడి వేలు పట్టుకుని
తోక మీది అక్షరాల కింద నడిపిస్తున్నాడు.
"ఇది నేను రాసిందే" అంటున్నాడు,
"ఇంకా రాలేదు నాకు",
కొంచెం గర్వంగానే.