ఖాళీ గడి

గురువారం సాయంత్రం
కిసుములో, మేకుల దుకాణం మీది గదిలో
ఏడుగురం, నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒకటే ప్లగ్గు.
ప్లగ్గు ఎవరిదన్నదానికి ఒక పద్ధతి ఉంది:
ఎవరి ఫైలు ఎక్కువ మొండిదో వాళ్లది.
ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగితే
అంత ముందు టీ.

ఆ వారం మొండిది ఒదేరాది.
ఆసుపత్రుల రిజిస్టర్లు, వంకరగా స్కాన్ చేసిన పేజీలు.
మూడో పేజీ మీద ఎవరిదో కప్పు మరక,
గుండ్రంగా.
దాన్ని కూడా సున్నా అని చదువుతోంది యంత్రం.
నవ్వుకున్నాం.

పట్టికలు ఒలిచే స్క్రిప్టు మాది కాదు.
రొసారియోలో లుడ్మిలా అనే ఆవిడ రాసింది,
మాలో ఎవరం చూడలేదు ఆవిడని.
నూట పన్నెండో లైను పక్కన రాసుకున్న మాట మాత్రం
అపియోకి నోటికొచ్చు:
"ఇది దండగలా కనిపిస్తుంది. తీసేయకండి.
నేను తీసేసి రెండు రోజులు ఏడ్చాను."
ముక్కూ మొహం తెలియని మనిషి
గుమ్మం పొట్టిది, తల జాగ్రత్త అన్నట్టు.

ఒదేరా కలిపింది ఒక్క లైనే.
గీత మధ్యలో తెగిపోతోందని
ఖాళీ గడి కనపడ్డ చోటల్లా
సున్నా చుట్టమన్నాడు.
కొండచిలువ పేరు పెట్టుకున్న భాష అది,
ఇచ్చింది మింగుతుంది,
నమలదు.

పటం అచ్చయింది.
సరస్సు చుట్టూ లేత ఆకుపచ్చ.
కాన్పులో పోయిన తల్లులు, కిబోరా దీవి:
సున్నా, సున్నా, సున్నా, సున్నా.
అధికారి ఒకాయన ఆ పేజీకి అద్దం కట్టించాడట.

పై గురువారం మెట్లెక్కి వచ్చింది
పెరెస్ అవినో,
దీవిలో ఇరవై ఆరేళ్లుగా నర్సు.
కూర్చోమంటే కూర్చోలేదు.
సంచిలోంచి పత్రిక తీసి
ఆకుపచ్చ మీద వేలు పెట్టి
"ఈ నాలుగు నెలలూ పడవ ఇంజను పాడైంది,
నా కాగితాలు ఇవతలికి రాలేదు" అంది.
కాస్త ఆగి
"తల్లులూ రాలేదు" అంది.

కింద దుకాణంలో
ఎవరో మేకులు తూకం వేయించుకుంటున్నారు.

నేను రాసే లిపిలో సున్నాకి గొంతుంది.
అక్షరం పక్కన చేరితే
మూసిన పెదాల వెనక మూలుగుతుంది.
అంకెల్లోకి వెళ్లాకే
అంత గుండ్రంగా, అంత శుభ్రంగా
ఊరుకుంటుంది.

తిడతారనుకున్నాడు ఒదేరా.
అపియో కుర్చీ దగ్గరికి జరిపి
"నీ పేరుతోనే రాయి తప్పుని,
రేపు ఇంకెవరో ఇదే గుంటలో పడతారు" అంది.
రాశాడు. మూడుసార్లు చెరిపి,
మేము అన్నచోట నేను అని దిద్ది.
తెల్లారేసరికి రొసారియో నుంచి జవాబు:
"నేనూ చేశాను, వరదలొచ్చిన ఏడు.
నా సున్నాల కింద ఒక పేట మొత్తం ఉంది."
దాని కింద, సరిచేసిన లైను.

ఇప్పుడు గీత దీవి దగ్గరికొచ్చి తెగుతుంది.
నాలుగు నెలల తెల్ల కాగితం.
"సిరా అయిపోయిందా?" అన్నాడు ఎడిటర్ వఫూలా.
చుక్కలతోనైనా కలపొచ్చుగా,
చూసేవాళ్లకి బాగుంటుంది, అన్నాడు.
వారం రోజులు వాదించి
గీత కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం సంపాదించాం:
"ఇక్కడ లెక్క లేదు. చావులు లేవని కాదు."
ఇంకా బాగా రాయొచ్చు దాన్ని.

స్క్రిప్టు అడుగున పేర్ల పట్టీ ఉంటుంది,
చెయ్యి వేసినవాళ్లవి.
లుడ్మిలా, అపియో, ఒదేరా,
హనోయ్ నుంచి పేరు చెప్పని ఒకరు, బదులుగా చేప బొమ్మ.
నిన్న అందులో పెరెస్ అవినో చేరింది.
చూపిస్తే ఆవిడకి కోపమొచ్చింది.
"నా పేరెందుకు?
ఇంజను సంగతి రాయండి" అని
ఆరింటి పడవకి వెళ్లిపోయింది.

ఇంజను.
వెతికాం. పట్టికలో దానికి వరసే లేదు.
అపియో ఏమీ అనకుండా
ప్లగ్గు తన వైపు లాక్కుంది.