ఎండకు పట్టి చూసిన గొడుగు

జడ్చర్ల బస్టాండు పక్కన
గొడుగులు బాగుచేసే ఖాసీం సాబు
ఏ గొడుగునూ నీళ్లు పోసి చూడడు.
విప్పి, ఎండకెదురుగా ఎత్తుతడు.
నల్లగుడ్డల సూదిమొనంత చుక్కలు మెరిస్తె
"ఇది నీడకే, వానకు కాదు" అంటడు.
మా పాలమూరుల వాన పడేదెన్ని దినాలని
నవ్వి కొనుక్కపోతం.

ఏజెన్సీ మారిన నాడు
నేను నవ్విన నవ్వూ అదే.

మా మెడల బిళ్ల మీద రెండు పేర్లుంటయి.
పైన పెద్దగ మందుల కంపెనీ,
కింద చీమతలకాయంత, జీతమిచ్చే ఏజెన్సీ.
ఏడాదికోపారి కింది పేరు మారుతది.
ఫోటోల నేను మాత్రం అట్లనే ఉంట,
కొంచెం బెదురుకుంట.

ఛత్రఛాయ సర్వీసెస్ ప్రభులింగం
చాయ్ హోటల్ల కూసొని
బిస్కెట్ పాకెట్ చింపి లెక్క రాసిండు:
తొంభై వేల బిల్లు,
ముప్పై జీతం,
కమీషను పోను మిగిలింది అప్పు.
ఎవరూ తిరిగి అడగని అప్పు.
"అప్పు మీద పన్నుంటదా చెల్లె?
పెద్ద వకీలే చూసిండు."

కుర్మయ్య వెంటనే పెన్నడిగి తీసుకున్నడు.
నేను మూడు రోజులు ఆలోచించి పెట్టిన సంతకం.
మూడు రోజులని ఇప్పటికీ చెప్పుకుంట,
తప్పు అంతమేర తగ్గినట్టు.

పందొమ్మిది నెలలు
చేతినిండ పైసలు.
ఇంటికి ఫ్రిజ్జొచ్చింది.
కుర్మూర్తి జాతరకు కుర్మయ్య కొత్త బండి మీద పోయి
ముగ్గురిని ఎక్కించుకొనొచ్చిండు.

తర్వాత ఫోన్ల ఇన్‌కంట్యాక్స్ మెసేజి.
వారం తిరగకముందే రిజిస్టర్ పోస్టు,
ఎన్నడూ వినని ఫైనాన్సు పేరు:
మీ అప్పును మేం కొన్నం, కట్టుండి.

ఎవరూ అడగని అప్పుకు
ఇప్పుడిద్దరు అడిగేటోళ్లు.
అది అప్పు కాదు, జీతమే, పన్ను కట్టుమని ఒకరు.
అది జీతం కాదు, అప్పే, వడ్డీతో కట్టుమని ఒకరు.
రెండు కాయితాలు బల్ల మీద పక్కపక్కన పరిచి
కుర్మయ్య చానసేపు చూసిండు,
అవి రెండూ కొట్లాడుకొని
ఒకదాన్నొకటి చింపేసుకుంటయేమోనని.

ఛత్రఛాయ ఆఫీసుకు పోతే
షట్టరు మీద కోళ్ల దాణా బోర్డు.
దాణా అమ్మే పిలగాడు మంచోడు,
మంచినీళ్లిచ్చిండు.

ఇప్పుడు ల్యాబుల కొత్తగ చేరిన బాలమణి
"ఏ ఏజెన్సీ మంచిదక్కా?" అని అడుగుతది.
ఏది మంచిదో నాకేం ఎరుక.
అడగాల్సిందేందో మాత్రం ఎరుకైంది.

పీఎఫ్ నంబరిచ్చిన్రని సంబురపడకు,
పాసుబుక్కు తెరిచి నెలనెలా జమ చూడు.
టీడీఎస్ కోసిన్రంటె
నీ పాన్ నంబరు మీద పడ్డదా చూడు,
కోసుడు వేరు, కట్టుడు వేరు.
జీతం చీటీల ప్రతి గీత ఏందని అడుగు,
చెప్పనీకి నీళ్లు నమిలితె లేచి రా.
వాళ్ల కమీషనెంతో కాయితం మీద రాసియ్యమను.
వకీలు చూసిండంటరా,
ఆ వకీలు సంతకమేదని అడుగు.
చేతికెక్కువొస్తదన్నోన్ని
ఎవరి చేతిల కెళ్లి అని అడుగు.
అప్పు అన్న మాట వినబడ్డదా
చాయ్ పైసలు నువ్వే ఇచ్చి బస్సెక్కు.

"సాఫుగ ఉన్న ఏజెన్సీ
తొమ్మిది వేలు తక్కువిస్తదక్కా."
అవును.
తక్కువే ఇస్తది.
దానికి నా దగ్గర జవాబు లేదు,
నా కిస్తీ రసీదులున్నయి, కావాలంటె చూపిస్త.

మొన్న జీతం పడ్డనాడు
ఖాసీం సాబు దగ్గర గొడుగొకటి బేరమాడి
విప్పి, సూర్యునికి అడ్డంపెట్టి చూసిన.
మొగులు లేదు, చినుకు లేదు.
వనపర్తి బస్సు కిటికీలకెళ్లి
ఎవరో నవ్విన్రు.
గుడ్డ అంచుకాడ ఒక్క చుక్క మెరిసింది.
"సాబు, ఇగో, దీన్ని కుట్టు" అన్న.